పాత కాటా ఇండికేటర్‌ని సీరియల్ పోర్టు లేని ల్యాప్‌టాప్‌కి కలపాలంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లు, 50 టన్నుల వేబ్రిడ్జి. ఇండికేటర్ (బరువు అంకెలు చూపించే పెట్టె) వెనక 9 పిన్నుల సాకెట్ ఉంది. ఇన్నాళ్లూ దానికి కలిపి ఉన్న పాత డెస్క్‌టాప్ పోయింది. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌కి సీరియల్ పోర్టు లేదు. మొదట కొన్న యూఎస్‌బీ కేబుల్‌కి డివైస్ మేనేజర్‌లో (విండోస్‌లో పరికరాల జాబితా) పసుపు గుర్తు వస్తోంది. రెండో కేబుల్‌తో పోర్టు వచ్చింది గానీ బరువు బదులు పిచ్చి అక్షరాలు పడుతున్నాయి. పైగా మౌస్ బాణం దానంతటదే తెరంతా తిరుగుతోంది. స్లిప్పుల సాఫ్ట్‌వేర్ రాసిచ్చినవాళ్లు ఫోన్ ఎత్తడం లేదు. ఇండికేటరే మార్చేయమని ఎవరో చెప్పారు, మార్చాలా అని మీ ప్రశ్న.

ఇప్పుడే మార్చకండి. మీరు చెప్పినవాటిలో మూడు వేర్వేరు సమస్యలు కలిసిపోయి ఉన్నాయి. పసుపు గుర్తు కేబుల్‌లోని చిప్‌ది. పిచ్చి అక్షరాలు సెట్టింగులవి. మౌస్ ఎగరడం విండోస్‌ది. ఈ మూడింటిలో ఒక్కటి కూడా ఇండికేటర్ తప్పు కాదు. అసలు మౌస్ అలా ఎగురుతోందంటే నాకైతే ధైర్యంగా ఉంది, ఇండికేటర్ డేటా పంపుతోందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఒక్క మాట మీద గట్టిగా నిలబడండి: పుట్టీ లాంటి ఉచిత టెర్మినల్ ప్రోగ్రాంలో (పోర్టుకి వచ్చే అక్షరాల్ని ఉన్నవున్నట్టు చూపించేది) బరువు అంకెలు శుభ్రంగా కనిపించేదాకా మీ స్లిప్పుల సాఫ్ట్‌వేర్ తెరవద్దు. కేబుల్, డ్రైవర్, సాఫ్ట్‌వేర్ మూడూ ఒకేసారి కెలికితే ఏది మార్చినందుకు ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. నేను చూసిన చాలా కాటా గదుల్లో సగం రోజు పోయేది ఇక్కడే.

కేబుల్ పెట్టేముందు సాకెట్ ఏదో ఖాయం చేసుకోండి. కొన్ని ఇండికేటర్లలో లోడ్ సెల్ (కాటా కింద బరువు పసిగట్టే సెన్సర్) వైరు కూడా ఇలాంటి 9 పిన్నుల సాకెట్‌కే వస్తుంది. అందులో లోడ్ సెల్స్‌కి ఇచ్చే 5 వోల్టులో 10 వోల్టులో ఉంటాయి. లోడ్ సెల్ వైర్లన్నీ కలిసే జంక్షన్ బాక్స్ నుంచి వచ్చే లావు కేబుల్ దేనికి వెళ్తోందో చూసి, దాని జోలికి పోకుండా రెండో సాకెట్ పట్టుకోండి. రెండోది కూడా ఆర్ఎస్-232 (కంప్యూటర్ సీరియల్ పోర్టు వాడే పద్ధతి) అయి తీరాలని లేదు. బయట పెద్ద డిస్‌ప్లే బోర్డుకి వెళ్లే కరెంట్ లూప్ కావచ్చు, ఎక్కువ దూరాలకి వాడే ఆర్ఎస్-485 కావచ్చు. వెనక స్టిక్కర్ మీద గానీ మాన్యువల్‌లో గానీ రాసి ఉంటుంది.

స్టిక్కర్ చెరిగిపోయి, మాన్యువల్ దొరక్కపోతే మల్టీమీటర్ చెబుతుంది. డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టండి. నల్ల వైరు 5వ పిన్నుకి (మామూలుగా గ్రౌండ్ అదే), ఎర్ర వైరు ముందు 2కి, తర్వాత 3కి తాకించండి. పిన్నుల పక్కన ప్లాస్టిక్ మీద చిన్న చిన్న అంకెలు ఉంటాయి, ఫోన్ టార్చి వేస్తే కనబడతాయి. ఆర్ఎస్-232లో లైను ఖాళీగా ఉన్నప్పుడు మైనస్ వోల్టేజీ ఉంటుంది. అంటే ఏ పిన్ను మీద మైనస్ 5 నుంచి మైనస్ 12 మధ్యలో చూపిస్తే ఆ పిన్ను నుంచి ఇండికేటర్ పంపుతోందన్నమాట. రెండోది దాదాపు సున్నా చూపిస్తుంది, అది వినే పిన్ను. మీ ఇండికేటర్ ఆగకుండా పంపే రకంలా ఉంది కాబట్టి అంకె ఒకచోట నిలవదు, ఊగుతూ ఉంటుంది. అలా ఊగడం మంచి లక్షణమే.

ఇప్పుడు యూఎస్‌బీ కేబుల్ వైపు కూడా ఇదే పరీక్ష. కంప్యూటర్ వైపు 2 వినేది, 3 పంపేది. పుట్టీలో ఆ పోర్టు తెరిచి ఉంచి 3వ పిన్ను కొలవండి, ఎందుకంటే పోర్టు తెరవనప్పుడు కొన్ని కేబుళ్లు కరెంటు పొదుపు కోసం నిద్రపోతాయి. మైనస్ 5 గానీ అంతకన్నా పెద్ద మైనస్ అంకె గానీ వస్తే కేబుల్ సరైనదే. ప్లస్ 3.3 గానీ ప్లస్ 5 గానీ వస్తే అది టీటీఎల్ కేబుల్, సర్క్యూట్ బోర్డులతో ఆడుకునే కుర్రాళ్ల కోసం చేసింది. దాంట్లో సిగ్నల్ తలకిందులుగా ఉంటుంది. మీ ఇండికేటర్ ఇచ్చే మైనస్ 12 దాని చిప్‌ని కాల్చేయగలదు కూడా. షాపులో రెండింటినీ యూఎస్‌బీ టు సీరియల్ అనే అమ్ముతారు, అందుకే చెబుతున్నా.

ఇండికేటర్ 2 మీద పంపుతుంటే నేరుగా ఉన్న కేబుల్ చాలు. 3 మీద పంపుతుంటే మధ్యలో 2, 3 అడ్డంగా మారే క్రాస్ కేబుల్ కావాలి, నల్ మోడెమ్ అని అడిగితే ఇస్తారు. పాత డెస్క్‌టాప్‌కి వాడిన కేబుల్ ఇంకా ఉంటే మాత్రం ఇదంతా వద్దు, దాన్నే కొత్త అడాప్టర్‌కి గుచ్చండి. అప్పట్లో పెట్టినవాడు సరిగ్గానే సోల్డర్ చేసి ఉంటాడు. ఆ కేబుల్ పారేయకండి. చాలామంది పాత కంప్యూటర్‌తో పాటు దాన్నీ పాత సామాను వాడికి ఇచ్చేస్తారు.

ఇక పిచ్చి అక్షరాలు. రెండు కొసలూ ఒకే వేగంలో, ఒకే పద్ధతిలో మాట్లాడాలి. వేగం అంటే బాడ్ రేటు: కాటాల్లో 1200, 2400, 4800, 9600 ఎక్కువ. పద్ధతి అంటే ఒక్కో అక్షరానికి ఎన్ని బిట్లు, పారిటీ (తప్పు పట్టుకోవడానికి కలిపే అదనపు బిట్) ఉందా లేదా, స్టాప్ బిట్ (అక్షరం ముగిసిందని చెప్పేది) ఎంత. పుట్టీలో సీరియల్ ఎంచుకుని, పోర్టు నంబరు (డివైస్ మేనేజర్‌లో కామ్3 లాంటి పేరుతో కనిపించేది) ఇచ్చి, 9600, 8 బిట్లు, పారిటీ నన్ (None, అంటే ఏదీ లేదు), 1 స్టాప్ బిట్‌తో మొదలుపెట్టండి. ఫ్లో కంట్రోల్ దగ్గర పుట్టీ దానంతటదే ఎక్స్ఆన్/ఎక్స్ఆఫ్ అని పెడుతుంది, దాన్ని నన్ చేయండి.

వచ్చే చెత్తని తుడిచేయకుండా ఒకసారి పరిశీలనగా చూడండి, అందులోనే జవాబు ఉంటుంది. ఒక్క అంకె కూడా గుర్తుపట్టేలా లేకపోతే బాడ్ రేటు తప్పు. ఒక్కోటీ మార్చి చూడండి. అలా కాకుండా కొన్ని అంకెలు సరిగ్గా, కొన్ని వింత గుర్తులుగా వస్తున్నాయనుకోండి, అప్పుడు బాడ్ రేటు సరైనదే, పారిటీ తేడా. కాటా ఇండికేటర్లలో 7 బిట్లు, ఈవెన్ పారిటీ పెట్టినవి చాలా ఉన్నాయి. వాటిని 8 బిట్లు, పారిటీ లేకుండా చదివితే 0, 3, 5, 6, 9 చక్కగా కనిపిస్తాయి, 1, 2, 4, 7, 8 మాత్రం పాడవుతాయి. కారణం సులభమే. 0, 3, 5, 6, 9 అంకెల బైనరీ కోడ్‌లలో ఒకట్ల సంఖ్య సరిసంఖ్య, కాబట్టి పారిటీ బిట్ సున్నాగా ఉండి ఎవరికీ అడ్డం రాదు. మిగతావాటిలో ఒకట్లు బేసి సంఖ్యలో ఉంటాయి. వాటిని సరి చేయడానికి ఇండికేటర్ ఇంకో ఒకటి కలుపుతుంది, మన కంప్యూటర్ దాన్ని కూడా అక్షరంలో భాగమే అనుకుంటుంది. ఖాళీ కాటా మీద అన్నీ సున్నాలు శుభ్రంగా వచ్చి, లారీ ఎక్కగానే చెత్త మొదలైతే నూటికి తొంభై పాళ్లు ఇదే. 7, ఈవెన్, 1 పెట్టి చూడండి. ఇలాంటప్పుడు కేబుల్ మార్చినా, డ్రైవర్ మార్చినా ఏమీ కాదు.

ఇండికేటర్ మెనూలో కూడా బాడ్ రేటు మార్చవచ్చు గానీ నేను వద్దంటాను. మీ పాత సాఫ్ట్‌వేర్ ఆ పాత సెట్టింగుకే అలవాటు పడి ఉంది. పైగా ఆ మెనూకి పక్కనే తూకాన్ని సరిచేసే కాలిబ్రేషన్ మెనూ ఉంటుంది, పొరపాటున అందులో చెయ్యి పడితే తూకమే మారిపోతుంది.

మౌస్ సంగతి వింటే నవ్వొస్తుంది గానీ, జరిగేటప్పుడు టెన్షనే. ఒకప్పుడు మౌస్‌లు సీరియల్ పోర్టుకే తగిలించేవాళ్లం. ఆ అలవాటు విండోస్‌కి ఇంకా పోలేదు. కొత్త సీరియల్ పోర్టు తగలగానే అక్కడ మౌస్ ఉందేమోనని తొంగి చూస్తుంది. సరిగ్గా అప్పుడే ఇండికేటర్ తన బరువులు గడగడా పంపుతూ ఉంటుంది కాబట్టి, ఇదేదో మౌసే అని నమ్మేస్తుంది. ఇక బరువు డేటా వచ్చినప్పుడల్లా బాణం ఎటో ఒకవైపు ఎగురుతుంది, దానంతటదే క్లిక్కులు కూడా పడతాయి. తెరిచి ఉన్న ఫైలు డిలీట్ అయినా ఆశ్చర్యం లేదు. వెంటనే సీరియల్ కేబుల్ పీకి బాణాన్ని ఆపండి. డివైస్ మేనేజర్ తెరిచి ఉంచుకుని మళ్లీ తగిలిస్తే మౌస్‌ల విభాగంలో మైక్రోసాఫ్ట్ సీరియల్ బాల్‌పాయింట్ అని ఒకటి కొత్తగా చేరుతుంది. దాన్ని డిజేబుల్ చేయండి. అన్‌ఇన్‌స్టాల్ చేయకండి, చేస్తే మళ్లీ కనిపెట్టి పట్టుకొస్తుంది. బాణం మాట వినకపోతే కీబోర్డు బాణాలతో, ట్యాబ్‌తో పని కానివ్వండి. కేబుల్‌లో ఉన్నది ఎఫ్‌టీడీఐ అనే కంపెనీ చిప్ అయితే పోర్టు అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో సీరియల్ ఎన్యూమరేటర్ అనే టిక్కు తీసేస్తే ఈ గొడవ మొదట్లోనే ఉండదు.

ఇప్పుడు పసుపు గుర్తు కేబుల్. ఈ కేబుల్‌లో ఉండేవి ఉత్త వైర్లు కావు, మధ్యలో చిన్న చిప్ ఉండి యూఎస్‌బీ భాషని సీరియల్‌గా మారుస్తుంది. బజార్లో దొరికేవాటిలో ఎఫ్‌టీడీఐ, ప్రొలిఫిక్, సిలికాన్ ల్యాబ్స్ సీపీ2102, సీహెచ్340 అనే నాలుగు రకాలే ఎక్కువ. మీది ప్రొలిఫిక్ పీఎల్2303 పాత రకం గానీ దాని నకలు గానీ అయి ఉంటుంది. ఆ కంపెనీ పాత హెచ్‌ఎక్స్‌ఏ చిప్‌ల తయారీ 2012లోనే ఆపేసింది. ఇప్పటి డ్రైవర్ వాటిని గుర్తుపట్టగానే పని చేయనని మొండికేస్తుంది. పరికరం పేరు ఉండాల్సినచోట 'ఈ చిప్ 2012 నుంచి ఆపేశాం, అమ్మినవాళ్లని అడగండి' అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ వాక్యం కనబడితే సరిగ్గా ఇదే. పాత వెర్షన్ డ్రైవర్ వేసి నడిపేవాళ్లున్నారు, నడుస్తుంది కూడా. కానీ విండోస్ అప్‌డేట్ ఒక రాత్రి మళ్లీ కొత్త డ్రైవర్ వేసేస్తుంది, తెల్లారేసరికి గేటు దగ్గర లారీలు వరసకట్టి ఉంటాయి. సీజన్‌లో ఆ రిస్కు ఎందుకు? ఆ కేబుల్ పక్కన పడేయండి.

నకలు గొడవ ప్రొలిఫిక్‌కే కాదు. 2014లో ఎఫ్‌టీడీఐ విడుదల చేసిన డ్రైవర్ విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చి, నకిలీ చిప్‌ల గుర్తింపు నంబరునే సున్నా చేసేసింది. ఆ దెబ్బకి ఎందరి కేబుళ్లో కంప్యూటర్‌కి కనబడకుండా పోయాయి. గోల అయ్యాక వెనక్కి తీసుకున్నారు. అప్పటినుంచీ నా పద్ధతి ఒకటే: వ్యాపారం నడిచే చోట అసలైన ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్న కేబుల్, తెలిసిన షాపులో, బిల్లు తీసుకుని కొనిపిస్తాను. ధర రెండు మూడు రెట్లు ఉంటుంది, ఫర్వాలేదు. ఇంట్లో ప్రయోగాలకైతే సీహెచ్340 చవకగా బానే పనిచేస్తుంది.

అసలైన ఎఫ్‌టీడీఐకి ఇంకో సుఖం ఉంది. ప్రతి చిప్‌కీ సొంత సీరియల్ నంబరు ఉంటుంది కాబట్టి ఏ యూఎస్‌బీ రంధ్రంలో పెట్టినా అదే కామ్ నంబరు నిలుస్తుంది. సీహెచ్340 లాంటివాటికి అది సాధారణంగా ఉండదు. నైట్ షిఫ్ట్ కుర్రాడు ఫోన్ ఛార్జింగ్ కోసం కేబుల్ పీకి పక్క రంధ్రంలో పెడితే కామ్3 కాస్తా కామ్7 అవుతుంది, సాఫ్ట్‌వేర్‌లో బరువు ఆగిపోతుంది. కేబుల్‌కి, రంధ్రానికి ఒకే రంగు స్టిక్కర్ అంటించండి.

పుట్టీలో అంకెలు సరిగ్గా వచ్చాయి కదా, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ తెరవండి. అప్పట్లో మన దగ్గర కాటా సాఫ్ట్‌వేర్లు చాలావరకు విజువల్ బేసిక్ 6 అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో రాసినవే. అందులో సీరియల్ పోర్టు కోసం వాడే ఎమ్ఎస్‌కామ్ కంట్రోల్ 1 నుంచి 16 వరకే పోర్టు నంబర్లు తీసుకుంటుంది. కొన్నిట్లో కామ్1, కామ్2 తప్ప వేరే ఎంపికే పెట్టలేదు. కాబట్టి డివైస్ మేనేజర్‌లో మీ పోర్టు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్, పోర్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి నంబరు 1 గానీ 2 గానీ చేయండి. అది వాడకంలో ఉంది అని చూపిస్తే, ఎప్పుడో పీకేసిన పాత కేబుళ్ల గుర్తులు మిగిలి ఉన్నాయన్నమాట. వ్యూ మెనూలో హిడెన్ డివైసెస్ చూపించమంటే వెలిసిపోయినట్టు కనబడతాయి, వాటిని అన్‌ఇన్‌స్టాల్ చేయండి. పుట్టీ మూశాకే సాఫ్ట్‌వేర్ తెరవాలి, విండోస్ ఒక పోర్టుని ఒకేసారి రెండు ప్రోగ్రాంలకి ఇవ్వదు.

పుట్టీలో బరువు వచ్చి సాఫ్ట్‌వేర్‌లో రాకపోతే, ఆ సాఫ్ట్‌వేర్ హ్యాండ్‌షేక్ (అవతలివైపు సిద్ధమని చెప్పే సిగ్నళ్లు) కోసం ఎదురు చూస్తూ ఉండవచ్చు. మూడు వైర్ల కేబుల్‌లో ఆ సిగ్నళ్లు ఉండవు. కంప్యూటర్ వైపు కనెక్టర్‌లో 7, 8 ఒకదానికొకటి, 1, 4, 6 మూడూ కలిపి సోల్డర్ చేస్తే అవతల అంతా సిద్ధంగా ఉందని అది నమ్ముతుంది. ఇంకో చోట టిక్కు తీయడం మర్చిపోకండి: డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ హబ్‌ల పవర్ మేనేజ్‌మెంట్‌లో, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అనేది. మధ్యాహ్నం భోజనానికి వెళ్లొచ్చేసరికి బరువు రావడం లేదనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం అదే.

మీ సాఫ్ట్‌వేర్ నల్ల తెర మీద నడిచే డాస్ రకమైతే కథ వేరు. 64 బిట్ల విండోస్ దాన్ని తెరవనే తెరవదు. డాస్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాంలో నడిపి, దాని సెట్టింగుల ఫైల్లో డైరెక్ట్‌సీరియల్ అనే ఎంపికతో అసలు పోర్టుకి కలపవచ్చు. బరువు చదవడం వరకు చాలాసార్లు సాఫీగా జరుగుతుంది, ప్రింటర్ దగ్గర కాస్త తంటా ఉంటుంది.

ల్యాప్‌టాపే కావాలని పట్టుదల లేకపోతే, కాటా గదికి డెస్క్‌టాప్ మేలు. ఇప్పటికీ చాలా మదర్‌బోర్డుల మీద కామ్ అని రాసిన పిన్నుల వరస ఉంటుంది. వెనక సాకెట్ ఇవ్వరు గానీ లోపల పోర్టు ఉంటుంది. బ్రాకెట్‌తో వచ్చే రిబ్బన్ కేబుల్ తగిలిస్తే నిజమైన కామ్1 వస్తుంది, డ్రైవర్ గొడవే లేదు. కాకపోతే ఆ రిబ్బన్లలో పిన్నుల అమరిక రెండు రకాలు, బోర్డు మాన్యువల్‌తో సరిపోల్చి కొనండి. అది లేకపోతే పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు.  

కంప్యూటర్ కాటా గదిలో కాకుండా దూరంగా ఆఫీసులో పెట్టాలనుకుంటే యూఎస్‌బీ వైపు పొడిగించకండి, మామూలు యూఎస్‌బీ కేబుల్ 5 మీటర్లు దాటితే నమ్మకం లేదు. ఆర్ఎస్-232 వైపు 15 మీటర్ల దాకా హాయిగా వెళ్తుంది. కాటా వేగాల్లో అంతకన్నా ఎక్కువ లాగినవాళ్లూ ఉన్నారు. అంతకు మించితే ఆర్ఎస్-485కి మార్చి మెలితిప్పిన జత వైరు మీద 1200 మీటర్ల వరకు తీసుకెళ్లవచ్చు. నెట్‌వర్క్ కేబుల్ ఇప్పటికే ఉంటే మోక్సా ఎన్‌పోర్ట్ లాంటి సీరియల్ సర్వర్ పెట్టెని ఇండికేటర్ పక్కన పెట్టి, దాని డ్రైవర్‌తో ల్యాప్‌టాప్‌లో ఒక కామ్ పోర్టు సృష్టించుకోవచ్చు. ఖరీదు ఎక్కువే, కానీ యూఎస్‌బీ పీకేసే సమస్య పూర్తిగా పోతుంది.

ఖర్చు పెట్టదలిస్తే ముందు ఐసొలేషన్ ఉన్న అడాప్టర్ మీద పెట్టండి. వేబ్రిడ్జి అంటే ఆరుబయట పడి ఉన్న పెద్ద ఇనుప పళ్లెం, దాని కింద లోడ్ సెల్స్, అక్కడినుంచి గదిలోకి వైర్లు. పక్కనే ఎక్కడో పిడుగు పడినా ఆ దెబ్బ ఇండికేటర్ మీదుగా సీరియల్ వైర్లో ల్యాప్‌టాప్ దాకా వస్తుంది. ఐసొలేటెడ్ అడాప్టర్‌లో రెండు వైపులకీ మధ్య లోహపు కలయిక ఉండదు, దెబ్బ చాలాసార్లు అక్కడితో ఆగుతుంది. ఎర్తింగ్ సరిగ్గా లేని మిల్లుల్లో ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టగానే అక్షరాలు పాడై, తీయగానే బాగవడం కూడా చూస్తాం, దానికీ ఇదే మందు. అయినా ఉరుములు మొదలైతే కేబుల్ పీకేయడం మించింది లేదు.

ఇండికేటర్ లోపల చేయి పెట్టాల్సిన సందర్భం ఒక్కటే. తెర మీద బరువు బాగానే కనిపిస్తూ, మెనూలో డేటా పంపడం ఆన్‌లోనే ఉండి, సరైన సాకెట్‌లో 2 మీదా 3 మీదా సున్నాయే వస్తే లోపలి లైన్ డ్రైవర్ చిప్ (సిగ్నల్‌ని బయటికి పంపేది) పోయినట్టు. చాలా ఇండికేటర్లలో అది మ్యాక్స్232 రకం, పిడుగు దెబ్బకి ముందు పోయేది అదే. చిప్ ఖరీదు పదుల రూపాయల్లో ఉంటుంది. కానీ మూత తెరవాలంటే తూనికలు కొలతల శాఖ వేసిన సీలు తెగుతుంది. సీలు లేని కాటా మీద ధాన్యం తూస్తే తనిఖీలో కేసు. అందుకే ఆ పని శాఖ లైసెన్సు ఉన్న రిపేరర్‌తోనే చేయించి, మళ్లీ ముద్ర వేయించాకే లారీ ఎక్కించండి. మీ మౌస్ ఎగురుతోందంటే ఆ చిప్ బతికే ఉంది, మీకు ఆ అవసరం రాదు.